పోలీసు జట్టు మరుగైన పిదప

2025 సంవత్సరమున దసరా సెలవులు ముగిసి మన పాఠశాల మరల తెరచిన కొలది దినములకు జరిగిన సంగతి ఇది. సాయంకాలము ఆటలు సాగుచుండగా తొమ్మిదవ తరగతి బాలుడొకడు మైదానపు గట్టుమీద ఒంటరిగా కూర్చుండియుండెను. వాని మేన హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బువారి పసుపుపచ్చని అంగీ యుండెను. మూడేండ్ల క్రిందట, ఎదుగు పిల్లవాడని పొడుగు చూచి కొన్నది. ఇప్పుడు భుజముల వద్ద బిగుసుకొనిపోయినది. “ఏమిరా, ఆడవా?” అని అడిగితిమి. “మన జట్టు ఢిల్లీకి పోయిందంట సార్. పేరు గూడ మార్చేసినారంట. ఇంక ఈ అంగీ ఏసుకొని ఏం లాభం?” అని వాడు తల వంచుకొనెను.

వానిని ఇంటికి తోడ్కొని పోవుటకు వచ్చిన తాతగారు ఈ మాట వినిరి. వారు ఎనుబదియేండ్లు దాటినవారు. గట్టుమీద మనుమని ప్రక్కన మెల్లగా కూర్చుండి, “మీకు ఇప్పుడు పోయింది సారూ, మాకు ఎప్పుడో పోయింది. వీళ్లది పోయిందని పేపర్లో అన్నా వచ్చింది. మా పోలీసు టీము పోయినప్పుడు మాకు చెప్పినోడు గూడ లేడు” అని నవ్విరి. ఆ నవ్వులో హాస్యము లేదు.

ఆ తాత మనుమల మాటలే మా చేత ఈ వ్యాసము వ్రాయించుచున్నవి. ఒక జట్టును ప్రాణముగా ప్రేమించినవారు, అది ఏటికేడు క్షీణించుచుండగా చూచుచు ఏమియు చేయలేక కోపగించుకొనుట లోకమున క్రొత్త కాదు. ఆ కోపము న్యాయమైనదే. కాని కోపము ఎవరిమీద చూపవలెనో మనకు తెలియకున్నది. చివర తలుపు మూసినవానిని మాత్రమే దూషించి, ఇల్లు ఎప్పటినుండి శిథిలమగుచున్నదో విచారింపకున్నచో, మన దుఃఖము వలన ఎవరికిని మేలు కలుగదు. ఈ విషయమునే విద్యార్థులకును, వారి తలిదండ్రులకును మనవి చేయదలచితిమి.

రాయచూరువారికి హైదరాబాదు జట్టుతో ఏమి సంబంధమని నేటి బాలురు అడుగవచ్చును. 1956 అక్టోబరు 31వ తేదీ వరకు మన జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. మరునాడు, అనగా నవంబరు 1న, భాషను బట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరెను. మన జిల్లాలోని గద్వాల, ఆలంపురము తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోయెను. గీత గీచినంతమాత్రమున మనస్సులు మారవు గదా! ఆ తాతగారి బాల్యమున వారి తండ్రిగారు రైల్వే స్టేషనులో ఉర్దూ పత్రిక కొని తెచ్చి, గంజిలోని ఒక దుకాణము ముందు పదిమందికి చదివి వినిపించెడివారట. వినువారిలో తెలుగువారు, కన్నడమువారు, ఉర్దూ మాటలాడువారు, మార్వాడీ వర్తకులు అందరును ఉండెడివారట. “పోలీసోళ్లు గెలిచినారా?” అనునది అందరి మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్నకు బదులు చాలకాలము “గెలిచిరి” అనియే యుండెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలుచుకొనెను. ఢిల్లీలోని డ్యూరాండ్ కప్పును 1950లో మోహన్ బగాన్ జట్టును ఓడించి తొలిసారి గెలిచెను; 1954లోను, 1957లోను మరల గెలిచెను. పిదప ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేరుతో 1961లో నాలుగవ పర్యాయము అదే కప్పును తెచ్చెను. రాష్ట్రముల మధ్య జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోను, 1957-58లోను గెలిచెను. రాష్ట్రము పటమునుండి తొలగిపోయిన ఏడే దాని పేరు పెట్టుకొన్న జట్టు దేశమున మొదటిదై నిలిచినదన్న మాట. గంజిలో పత్రిక విన్నవారికి ఆ విజయము ఎంత ప్రియమైనదో ఊహింపవచ్చును.

ఈ విజయముల వెనుక నున్న పురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో జన్మించెను. ఆయనను గూర్చి 2024లో ఒక హిందీ చలనచిత్రము కూడ వచ్చినది. మన విద్యార్థులలో కొందరు దానిని చూచియుందురు. కాని ఆయన వృత్తిచేత ఒక బడిపంతులను సంగతి తలిదండ్రులలో ఎందరికి తెలియును? ఉస్మానియాలో చదివి, పాఠశాలలలో బోధించి, అటుపై ఆటకు గురువైనవాడు. పోలీసు జట్టును తీర్చిదిద్దిన చేతితోనే 1950 మొదలు భారతజట్టును కూడ తీర్చిదిద్దెను.

ఆయన పద్ధతులను గమనించినచో అవి బడిపంతులు పద్ధతులని వెంటనే తెలియును. పిల్లలకు ప్రత్యేకమైన పందెములు ఏర్పాటు చేసెడివాడు. ఒక పందెములో బంతిని కాలివద్ద ఉంచుకొని పరుగిడరాదు. అందిన వెంటనే తోటివానికి అందింపవలెను. మరియొక దానిలో కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితోనే తన్నవలెను. బలహీనముగా నున్న కాలును బలపరచుటకు ఇంతకంటె మంచి ఉపాయము కలదా? గుణింతము రాని పిల్లవానిచేత గుణింతమునే వ్రాయించు ఉపాధ్యాయుని నీతి ఇది. ఆయన పెద్దలకు మాత్రమే నేర్పినవాడు కాడు. వీథులలోను, బడులలోను తిరుగు చిన్నవారిని వెదకి పట్టి తయారు చేసినవాడు. ఆ పిల్లలు ఎదిగి పోలీసు జట్టునకు పోయిరి. పోలీసు జట్టునుండి భారతజట్టునకు పోయిరి.

1956 నవంబరు 1న మన జిల్లా హైదరాబాదు నుండి విడిపోయినది. సరిగా ఒక నెలకు, డిసెంబరు 1న, మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారతజట్టు ఆస్ట్రేలియాను 4-2 గోల్స్ తేడాతో ఓడించి సెమీఫైనలు చేరెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతవరకు పోయిన మొదటి ఆసియా దేశము మనదే. ఆ జట్టునకు గురువు రహీం. ఆ జట్టులో హైదరాబాదువారైన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం మున్నగువారు ఉండిరి. మైసూరువాడైన కెంపయ్యయు ఉండెను. రాష్ట్రముల గీతలు మారుచున్న ఆ నెలలో హైదరాబాదు బాలుడు, మైసూరు బాలుడు ఒక్క అంగీ ధరించి దూరదేశమున ఆడుచుండిరి. భారతజట్టు నాలుగవ స్థానమున నిలిచెను.

ఆసియా క్రీడలలో 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను మన దేశము ఫుట్‌బాల్‌లో స్వర్ణపతకము గెలిచెను. రెండు పర్యాయములును గురువు రహీమే. జకార్తాలో 1962 సెప్టెంబరు 4న దక్షిణ కొరియాపై 2-1తో గెలిచిన నాటికి ఆయన కాన్సరు వ్యాధిగ్రస్తుడై యుండెను. 1963 జూన్ 11న మరణించెను. ఆ స్వర్ణపతకము తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశము మరల స్వర్ణమును చూడలేదు.

క్షీణదశ ఎప్పుడు మొదలైనదని అభిమానులు తగవులాడుకొనుచుందురు. రహీం మరణముతోనే అని కొందరందురు. అది పూర్తిగా సరికాదు. ఆయన నాటిన మొక్కలు మరికొంతకాలము కాచినవి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచినది. కాని అదియే కడపటిది. ఆ తరువాత ఆ ట్రోఫీ తెలుగు రాష్ట్రములకు రాలేదు.

ఆటగాండ్రు పుట్టుట మాత్రము వెంటనే ఆగలేదు. మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్ రాజ్ — వీరందరు హైదరాబాదు మట్టిలో ఆడినవారే. 1970లో బాంకాకు ఆసియా క్రీడలలో కాంస్యపతకము తెచ్చిన భారతజట్టునకు నయీముద్దీన్ నాయకుడు. 1977లో పెలే సభ్యుడుగా నున్న కాస్మోస్ జట్టు కలకత్తాకు వచ్చి 2-2తో సరిపుచ్చుకొన్నప్పుడు మోహన్ బగాన్ పక్షమున గోల్ చేసినవారిలో హబీబ్ ఒకడు. అయితే ఈ వైభవమంతయు కలకత్తాలో జరిగినది! బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు పోయి, కలకత్తా ప్రాంతముననే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అక్కడనే కన్నుమూసెను. హబీబ్, నయీముద్దీన్ 1966లో అదే త్రోవ పట్టిరి. వారిని తప్పు పట్టలేము. కానిస్టేబులు జీతముతో కుటుంబమును పోషించుకొను యువకునికి కలకత్తా క్లబ్బులు ఎక్కువ ధనమును, వేలాది ప్రేక్షకులను చూపినప్పుడు ఎవడు కాదనును? పోయినవారు పోయిరి, వారి చోటు నింపుటకు రహీంవంటి పంతులు లేడయ్యెను. ఆటగాండ్రను పోలీసు శాఖలో చేర్చుకొను అలవాటు సన్నగిల్లెను. పట్టణము పెరిగి పిల్లలాడు బయలులు ఇండ్లయ్యెను. 1983లో భారతదేశము క్రికెట్ ప్రపంచకప్పు గెలిచిన తరువాత వీథిలోని పిల్లల కాలినుండి బంతి జారి చేతిలోనికి పోయెను.

ఇందులో ఏ ఒక్కటియు ఒక్కనాడు జరిగినది కాదు. అందుచేతనే తాతగారికి ఎవరును చెప్పలేదు. చెరువు ఎండిపోవునప్పుడు ఈనాడు ఎండినదని ఎవరు చాటింపు వేయుదురు? ఒక ఏడు నీరు మెట్టు దిగును. మరుసటి ఏడు ఇంకొక మెట్టు. చూచువాడు “వచ్చే వానలకు నిండునులే” అనుకొనును. జట్టు అభిమానియు అట్లే. ఈ ఏడు ఓడినచో వచ్చే ఏడు గెలుతుమనును. వచ్చే ఏడు ఓడినచో శిక్షకుడు మంచివాడు కాడనును. శిక్షకుడు మారినను ఓడినచో అధికారులను దూషించును. తుదకు 1950నాటి కప్పులను లెక్కపెట్టుకొనుచు కూర్చుండును. మేము హైదరాబాదులో ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఇట్టి వృద్ధులను టీ హోటళ్లలో చూచితిమి. ఇరానీ చాయ్ చల్లారిపోవుచుండగా ఐదు రోవర్స్ కప్పులను వ్రేళ్లమీద లెక్కించెడివారు. ఐదవ వ్రేలు ముడిచిన తరువాత చేయి అట్లే పిడికిలియై నిలిచిపోయెడిది.

ఇట్లుండగా 2019లో హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టినది. అభిమానులకు చచ్చిన చెట్టు చిగిర్చినట్లయ్యెను. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానమున కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనలు 1-1తో సమమై, పెనాల్టీలలో 3-1తో హైదరాబాదు గెలిచినది. గోల్‌కీపరు కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపెను. మన గట్టుమీది బాలుడు పసుపు అంగీ కొనిపించుకొన్నది అప్పుడే. మరుసటి సీజనున ఆ జట్టు లీగులో రెండవ స్థానమున నిలిచినది. అటుపై ఒక్క ఏటిలో అంతయు తలక్రిందయ్యెను. 2023-24 సీజనున ఆటగాండ్రకు జీతములు అందలేదు; విదేశీయులు వెడలిపోయిరి; క్రొత్తవారిని చేర్చుకొనరాదని అంతర్జాతీయ సమాఖ్య నిషేధము విధించెను. ఇరువది రెండు ఆటలలో ఒక్కటే గెలిచి జట్టు అట్టడుగున నిలిచెను. మిగిలిన చిన్నవారు ప్రతి వారము ఓటమికి సిద్ధపడి మైదానమునకు వచ్చుట చూచుటకే కష్టముగా నుండెను. పిమ్మట యాజమాన్యము మారెను. 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు ధరించెను.

దీనిని చూచి అభిమానులు మండిపడిరి. మేమును మండిపడితిమి. జీతమీయక ఆడించుట అన్యాయము. ఒక ఊరి పేరు పెట్టుకొని, ఆ ఊరివారిచేత అంగీలు కొనిపించి, ఒక ఉదయమున పెట్టె సర్దుకొని పోవుట అంతకంటె అన్యాయము. జట్టు అనునది అంగడి కాదు, అద్దె ఎక్కువైనదని వీథి మార్చుటకు. ఇంతవరకు అభిమానుల మాట నూటికి నూరుపాళ్లు సత్యము.

కాని ఇంకొక సత్యము కలదు. అది చేదైనది. ఆ క్లబ్బు హైదరాబాదులో మొలచినది కాదు. పూణే పట్టణపు జట్టు మూతపడగా, దాని స్థానమును తీసుకొని హైదరాబాదు పేరుతో వచ్చినది. అప్పుడు మనము పండుగ చేసుకొంటిమి. పూణేలో ఏ బాలుడు ఏ గట్టుమీద కూర్చుండెనో మనము విచారింపలేదు. కప్పు గెలిచిన ఆ జట్టులో హైదరాబాదు వీథులలో ఆడి పెరిగినవారు మిక్కిలి అరుదు. 1950నాటి జట్టునకు వేళ్లు ఉండెను. 2022నాటి జట్టునకు కుండీ మాత్రముండెను. కుండీలోని మొక్క ఎంత అందముగా పూచినను, కుండీ ఎవనిదో వాడు ఎత్తుకొని పోగలడు. వేళ్లు దిగిన చెట్టును ఎత్తుకొని పోవుట ఎవని తరము?

కావున ఢిల్లీకి పోయిన జట్టు మన క్షీణతకు కారణము కాదు. మన క్షీణతకు గుర్తు మాత్రమే. కారణము అరువదియేండ్ల క్రిందటిది. క్రింది మెట్టునుండి పిల్లలు రావడము ఆగినప్పుడే జట్టు పోయినది. ఆ తరువాత జరిగినదంతయు ఆలస్యముగా వచ్చిన వార్త.

అన్నియు నశించినవని చెప్పుట మా ఉద్దేశము కాదు. హైదరాబాదులోనే శ్రీనిధి దక్కన్ అను జట్టు ఐ-లీగులో 2022-23లోను, 2023-24లోను రెండవ స్థానమున నిలిచినది. దానిని చూడ పోవువారు ఎందరు? ఐదు కప్పులను లెక్కించు పెద్దలలో ఎందరు ఒక ఆదివారము పోయి ఆ పిల్లలకు చప్పట్లు కొట్టిరి? గతించినదానిని ప్రేమించుట సులభము; అది మనలను టిక్కెట్టు అడుగదు, ఎండలో కూర్చుండుమని అనదు.

అభిమానులు ఏమి చేయగలరని ప్రశ్నింపవచ్చును. ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి వినుడు. వింబుల్డన్ అను జట్టు 1988లో ఆ దేశపు ఎఫ్.ఏ. కప్పును గెలిచినది. 2002లో ఆ జట్టును దాదాపు తొంబది కిలోమీటర్ల దూరమున నున్న మిల్టన్ కీన్స్ అను ఊరికి తరలించుటకు అనుమతి లభించినది. అభిమానులు ఎంత మొరపెట్టినను ఎవరును ఆలకింపలేదు. అప్పుడు వారు ఏడ్చి ఊరకుండలేదు. తమ ఊరి బయలులో “ఆడదలచినవారు రండు” అని పిలిచి, వచ్చిన యువకులలో ఏరి, ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను క్రొత్త జట్టును అదే ఏట నిలిపిరి. అది తొమ్మిదవ అంతస్తులోని లీగులో మొదలిడెను. అంత క్రింది అంతస్తున ఆడుటకు వారు సిగ్గుపడలేదు. తొమ్మిదేండ్లలో, 2011 నాటికి, అది మరల దేశపు ప్రధాన లీగు విభాగములలో చేరెను. 2020 నవంబరులో తమ పాత వీథియైన ప్లౌ లేన్‌కు తిరిగి వచ్చెను. వారి కోపము పనిగా మారినది. అదియే మేము చెప్పదలచిన భేదము.

అంత దూరము పోనక్కరలేదు; మనము నివసించు రాష్ట్రమునే చూడుడు. మైసూరు జట్టు సంతోష్ ట్రోఫీని నాలుగు పర్యాయములు గెలిచినది. వానిలో కడపటిది 1968-69లో. అటుపై రాష్ట్రము పేరు కర్ణాటకమైనది, తరములు మారినవి, ట్రోఫీ మాత్రము రాలేదు. ఏబదినాలుగేండ్ల తరువాత, 2023 మార్చి 4న, సౌదీ అరేబియాలోని రియాదులో మేఘాలయను 3-2తో ఓడించి కర్ణాటక ఆ ట్రోఫీని మరల తెచ్చెను. ఈ ఏబదినాలుగేండ్లును అక్కడ ఎవరో పిల్లలకు బంతి తన్నుట నేర్పుచునే యుండిరి. పేరు లేని ఆ గురువులే ఆ విజయమునకు మూలము. మన పొరుగువారి ఓర్పునుండి మనము నేర్చుకొనవలసినది ఎంతయో కలదు.

ఇప్పుడు మన గడపలోని మాటకు వత్తుము. కొందరు తలిదండ్రులు మా వద్దకు వచ్చి, తొమ్మిది పది తరగతులకు ఆటల పీరియడులు తీసివేసి ఆ సమయమున లెక్కలు, సైన్సు చెప్పింపవలెనని కోరుచున్నారు. పదవ తరగతి పరీక్షను గూర్చి వారి బెంగ మాకు తెలియును. అల్పసంఖ్యాక భాషలో చదువు పిల్లలకు మార్కులు తగ్గినచో, “తెలుగు బడిలో వేసినందుకే ఇట్లయ్యెను” అని బంధువులు ఎత్తిపొడుతురనియు తెలియును. అయినను వారానికి రెండు పీరియడులు తీసివేసినందువలన లెక్కలు రానివానికి లెక్కలు రావు. బంతి వచ్చినవానికి బంతి మాత్రము పోవును. ఒలింపిక్ సెమీఫైనలు వరకు దేశమును నడిపినవాడు బడిపంతులే గాని వేరొకడు కాడని మరువకుడు. చదువునకును ఆటకును వైరమున్నచో ఆయన రెంటిని ఒకే చేతితో ఎట్లు నడిపెను?

మరియొక సంగతి దాచి లాభము లేదు. మన ఉన్నత తరగతులలో బాలుర సంఖ్య తగ్గినది. ఈ ఏడు పదునొకండుగురు పూర్తిగా దొరకక, ప్రక్కనున్న కన్నడ పాఠశాలనుండి ఇద్దరు బాలురను పిలిచి జట్టు నింపుకొంటిమి. మొదటి దినమున మనవారు కొందరు గొణిగిరి. రెండవ వారమునకు “పాస్ కొడో” అని మనవారును, “ఇటియ్యిరా” అని వారును కేకలు వేయుచుండిరి. గంజిలో ఒక్క ఉర్దూ పత్రిక చుట్టు నిలిచిన ఆ పదిమంది మాకు జ్ఞప్తికి వచ్చిరి. పోలీసు జట్టును పెంచినది అట్టి కలయికయే. అందులో ముసల్మానులు, క్రైస్తవులు, హిందువులు, ఉర్దూ తెలుగు తమిళములు మాటలాడువారు ఉండిరి. మన భాషను మనము కాపాడుకొనవలెను. అందులో సందేహము లేదు. కాని బంతి ఎవరి భాషయని అడుగదు. బెంగుళూరు జట్టును ప్రేమించుటయా, హైదరాబాదు జట్టును ప్రేమించుటయా అని ఇంటిలో వాదించు బాలురకు మా సమాధానమిది: ముందు మన మైదానపు జట్టును ప్రేమింపుడు. తక్కినవి తరువాత చూచుకొందము.

జట్టునకు జరిగినదే బడికిని జరుగును. బడి ఒక్కనాడు మూతపడదు. ఒక ఏడు ఆరవ తరగతిలో నలుగురు తగ్గుదురు. మరుసటి ఏడు ఇంకొక నలుగురు. తక్కినవారు “పైవారు చూచుకొందురు” అని ఊరకుందురు. ఒకనాడు తాళము పడినప్పుడు మాత్రము అందరును కూడి అధికారులను దూషింతురు. అప్పుడు దూషించి ప్రయోజనమేమి? పసుపు అంగీ ధరించిన బాలుని దుఃఖము చూచిన తరువాత మాకు ఈ భయము హెచ్చినది. కావుననే ఈ ఆటల పీరియడులను గూర్చి ఇంత పట్టుదల వహించుచున్నాము. ఇవి రెండు పీరియడులు మాత్రమే. కాని చెరువునకు ఇవి రెండు మెట్లు.

తలిదండ్రులారా! మేము కోరునది ధనము కాదు, కప్పులు కాదు. శనివారము మధ్యాహ్నము మీలో వీలున్నవారు ఒక గంటసేపు వచ్చి గట్టుమీద కూర్చుండుడు. మీ బిడ్డ గోల్ చేసినను చేయకున్నను చూచుచున్నానని తెలియనిండు. చూచువారు లేని ఆట ఎక్కువకాలము బ్రదుకదు. విద్యార్థులారా! కుడికాలి వాటము గలవారు ఈ నెలంతయు ఎడమకాలితో తన్ని చూడుడు. నవ్వులపాలగుదుమని భయపడకుడు. రహీం పంతులుగారి శిష్యులును మొదట నవ్వులపాలైనవారే యని తలంచుడు.

మరల ఆ బాలుని సంగతి చెప్పి ముగింతుము. తాతగారి మాటలు విని వాడు కొంతసేపు ఊరకుండెను. “మీ పోలీసు టీము అంగీ ఉందా తాతా?” అని అడిగెను. “అంగీ యాడిది? మాకు పేపరే” అని ఆయన బదులు చెప్పిరి. ఇంతలో మైదానమునుండి, “ఒకడు తక్కువున్నాడు, రారా!” అని కేక వినవచ్చెను. వాడు తాతవైపు చూచెను. తాతగారు “పో, నేనుంటా” అనిరి. బిగుసుకొనిపోయిన ఆ పసుపు అంగీతోనే వాడు లోనికి పరుగెత్తెను. ప్రొద్దు క్రుంకువరకు తాతగారు గట్టుమీదనుండి లేవలేదు.